మూడో వైరు

మా ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఇంజనుకి ఏం జబ్బో చెప్పేసేవాడు. మెకానిక్ షెడ్డు ఎత్తేశాక ఇంటి ముందే పని. ఏడాదిగా ఆ చెవులు మందగించాయి. ఒప్పుకుంటాడా? “నువ్వే గొణుగుతున్నావు” అంటాడు. బండ్లవాళ్ళు ఒక్కొక్కరే కంప్యూటర్ పెట్టి చూసే షాపులకు పోయారు. మిగిలింది బట్టల కొట్టాయన ఒక్కడే. ఆయనా పోతే ఈ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడన్నదే నా బెంగ.

పోయిన సోమవారం బట్టల కొట్టాయన వచ్చాడు. స్టార్టు చేసి ఉంచితే చాలు, బండి జ్వరమొచ్చినట్టు వణుకుతోందట. ఆయన్ని సీట్లోనే కూర్చోబెట్టి, మా ఆయన బానెట్ ఎత్తాడు. ఇంజను తిరుగుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెడుతున్నాడు. పనిచేసేదాన్ని పీకితే ఇంజను ఇంకా నీరసపడుతుంది. చచ్చినదాన్ని పీకితే శబ్దంలో తేడా ఉండదు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు అబ్బిన విద్య అదొక్కటే.

మొదటిది పీకి, గుమ్మంలో ఉన్న నా మొహం చూశాడు. రెండోది పీకి మళ్ళీ చూశాడు. ఈయన వినడం లేదు, నా మొహంలో వెతుక్కుంటున్నాడని అప్పుడు అర్థమైంది. మూడోది పీకాడు. తేడా లేదు. నా కనుబొమ్మలు వాటంతటవే ముడిపడ్డాయి.

“మూడోది పోయిందన్నా” అన్నాడు.

బట్టల కొట్టాయన మురిసిపోయాడు, నీ చెవి ఉండగా కంప్యూటర్లు దేనికి మేస్త్రీ అని. నేను తల దించుకున్నాను.

కొత్త ప్లగ్గు బిగిస్తుంటే, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తాను. కిటికీలోంచి ఇంజను చప్పుడు వినిపించింది. అదే కుదుపు, అదే దగ్గు. జబ్బు ప్లగ్గుది కాదన్నమాట. ఇంజను మీద చెయ్యి ఆనించినా తెలిసిపోయేది. కానీ అది చెవి లేనివాళ్ళ పని అని ఆయన లెక్క. కిటికీలోంచి చూస్తే, ఎప్పటిలా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

“వెన్నలా నడుస్తోందన్నా, తీసుకెళ్ళు.”

నేను బయటికొచ్చేసరికి బట్టల కొట్టాయన కిందికి దిగి ఉన్నాడు. మా ఆయన వంక ఒక్క క్షణం చూసి, శ్రమ ఇచ్చాను మేస్త్రీ అని, తనే బానెట్ దించి, ఆ కుదుపుతోనే వెళ్ళిపోయాడు.

“బాగానే ఉంది కదా?” అని అడిగాడు మా ఆయన, చేతులు తుడుచుకుంటూ.

అవునందామనుకున్నాను. కానీ “లేదండీ. అలాగే కొట్టుకుంటోంది” అన్నాను, గట్టిగా.

నూనె గుడ్డ మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. “మరి ఆయన ఏమీ అనలేదే?”

“ఇన్నేళ్ళ పరిచయం. ఎలా అంటాడు?”

“తిట్టి ఉంటే మళ్ళీ వచ్చేవాడు” అన్నాడు.

ఇప్పటికీ పొద్దున్నే ఇంటి ముందు ఊడ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. బండి చప్పుడైతే చెప్పమన్నాడు నన్ను. చెప్పడానికి నాకేం కష్టం? బండే రావడం లేదు.