ఏలికపాముకూ వానపాముకూ తేడా చూపిన సార్

మొన్న శామీర్‌పేట నుంచి కూరగాయల బండి తోలుకొచ్చినాయన చెప్పాడు, మా సైన్సు సార్ ఇక లేరని. జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదట. మేడ్చల్ బడిలో ఆయన దగ్గర చదువుకున్న నాకు, ఆయనను ఎరగనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సర్కారు చదువంతా ఉర్దూలోనే కాబట్టి మా పుస్తకమూ ఉర్దూలో ఉండేది. సార్ ఇంటి భాషా అదే. మా మొహాలు చూసి అర్థం కాలేదనుకుంటే తెలుగులోకి దిగేవారు. టోపీ తీసి కిటికీలో పెట్టారంటే ఏదో కోసి చూపిస్తారన్నమాట. బోర్డు మీద వానపామును తోక నుంచి గీసేవారు. "తలకెల్లి గీస్తె జాగ సాలక తోక తెగుతది" అనేవారు. ఒకసారి చెరువు నుంచి సీసాలో జలగను తెచ్చి వానపాము పక్కన పెట్టారు. "రెండింటికీ వంటినిండ ఉంగరాలే. ఒక్క ఖాందాన్, ఒకింటివే." మరి జెర్రి సంగతేమిటని అడిగాను. "దానికి కీళ్లున్న కాళ్లు. దూరపు సుట్టం" అన్నారు. ఏ పురుగుకైనా చూడగానే పేరు పెట్టొద్దనీ, ముట్టి చూసి పెట్టాలనీ ఆయన పట్టుదల.

నాలుగైదేళ్ల కిందట మా చెల్లె చిన్నపిల్ల. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వతో కలిసి నాకు సద్ది తెచ్చినప్పుడల్లా, సార్ గాజు సీసాలో పెంచే వానపాములను చూస్తూ కూర్చునేది. ఆ వానకాలం దానికి కడుపు ఉబ్బింది, తిండి సయించలేదు. ఒక పొద్దున కడుపులోంచి జానెడు పురుగు పడింది. వానపాములను మా దిక్కు ఎర్రలంటారు. బడి సీసాలోని ఎర్రే పిల్ల కడుపులోకి పోయిందని వాడకట్టంతా నమ్మింది. కొందరు పిల్లలను బడి మాన్పించారు. నాయిన సీసా పగలగొట్టడానికి కర్ర పట్టుకుని బయలుదేరాడు. అవ్వ ఆ పురుగును కడిగి ఆముదపాకులో చుట్టి, చెల్లెను చంకనెత్తుకుని వెనకే వచ్చింది.

"గీ ఎర్రలు పిల్లలకెందుకు సార్? నా బిడ్డకేమన్న అయితె జవాబెవరు?" అన్నాడు నాయిన.

సార్ ముందు చెల్లె కడుపు తడిమి చూశారు. తర్వాత ఆకు విప్పి, సీసాలోంచి ఒక వానపామును తీసి దాని పక్కన పెట్టారు.

"అవ్వా, దీన్ని తోక దిక్కుకెల్లి తల దిక్కుకు ఏలుతోని రాయి."

అవ్వ భయపడుతూనే రాసింది. "గరుకున్నది."

"సన్న ముళ్లు. మట్టిని పట్టుకోనీకె. ఇగ గా రెండోది ముట్టు."

"గిది నున్నగున్నది సారూ. ఉంగరాలు గూడ లేవు."

"గందుకే గిది ఎర్ర గాదు, ఏలికపాము. ఎర్ర మనిషి కడుపుల బతకదు. గీ ఏలికపాము గుడ్లు మట్టిల ఉంటయి, కడగని చేతులతోని లోపటికి పోతయి. దవాఖానల మందున్నది. జల్దీ నడువుండ్రి."

నాయిన కర్ర గోడకు ఆనించాడు. సార్ చెల్లెను తన సైకిల్ మీద కూర్చోబెట్టారు. నాయిన పిల్లను పట్టుకుని పక్కనే నడిచాడు. మందు పని చేసింది. కొద్దిరోజులకు చెల్లె తనంతట తానే రొట్టె అడిగింది. బడి మానినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఆ తర్వాత సార్ ఎప్పుడు ఎదురైనా అవ్వ ముందు తన కడిగిన చేతులు చూపించేది. సార్ నవ్వి సలాం చేసేవారు.

చెల్లె ఇప్పుడు అదే బడిలో చదువుతోంది. నిన్న వాన వెలిశాక బడి ముందు బండల మీద వానపాములు ఎండకు చిక్కాయి. చెల్లె ముందు అరచేయి తడుపుకుంది. వాటికి ఊపిరి తోలుతోనేననీ, పొడి చేయి ఆ తోలును ఆరబెడుతుందనీ సార్ చెప్పారట. ఒకదాన్ని మెల్లగా ఎత్తి చిక్కుడు పాదులో వదిలింది. అది సన్నగా సాగి, మళ్లీ లావై, ఉంగరం వెనక ఉంగరంగా తడిమట్టిలోకి దిగిపోసాగింది. చివరి ఉంగరం కనబడకుండా పోయేదాకా చెల్లె అక్కడే గొంతుక్కూర్చుంది.