ఆరు గడుల నవల

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నవల మొదలుపెట్టినప్పుడు కూడా ముందు ఎక్సెల్ షీటే తెరిచాను. పదమూడేళ్ల కుర్రాడు పెద్దవాడయ్యే కథ. అరిషడ్వర్గాలు ఆరు కాబట్టి అధ్యాయాలూ ఆరే: కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. ఒక్కో అధ్యాయంలో కుర్రాడు ఒక్కో శత్రువును గెలవాలి. గెలవగానే వరుస చివర 'జయించాడు' అని రాసి, ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసేవాణ్ణి.

యాప్రాల్‌లో ఉండే అక్క చదువుతానంటే, అధ్యాయాలతో పాటు షీటు కూడా ప్రింటు తీసి ఇచ్చాను. 'అసలు జరిగింది' అనే కాలమ్‌ను దాచడం మరిచిపోయాను.

ఆదివారం వెళ్లేసరికి ఆ కాగితం అక్క చేతిలో ఉంది. రెండో వరుస, క్రోధం. పక్క గడిలో నా మాటలే: 'అక్క పదో తరగతి మెమో నేనే దాచాను.'

పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది. అప్పుడు మెట్టుగూడలో ఉండేవాళ్లం. అక్కకు వరంగల్‌లో హాస్టల్ చదువు దాదాపు ఖాయమైంది. కౌన్సెలింగ్‌లో ఒరిజినల్ మెమో చూపించనిదే సీటివ్వరు. ముందురోజు దాన్ని బియ్యం డ్రమ్ము కింద పెట్టాను. సీటు పోయింది.

"అక్కా, గా సంగతి..."

"ఆగు తమ్మీ. కోపమని రాసినవేంది? నీకు కోపమెక్కడిది? నేను పోతే టిఫిన్ డబ్బా ఎవరు కడ్తరని పరేషానైనవ్, గంతే."

"నీకు ముందే ఎరుకనా?"

"గచ్చు మీద డ్రమ్ము గీరిన గీత గంత పొడుగున్నది. గుడ్డిదాన్నా? గా సాయంత్రమే తీసి చూసిన."

"మరి?"

"మల్ల గా డ్రమ్ము కిందనే పెట్టిన."

మర్నాడు అమ్మతో పాటు ఇల్లంతా వెతికింది ఈ అక్కే. నాన్న తిడుతుంటే తల వంచుకుని నిలబడిందీ ఈ అక్కే.

"ఎందుకక్కా?"

"భయమైందిరా. ఇల్లిడిచి ఒక్కనాడన్న ఉన్ననా నేను? చెప్తే నవ్వుతరని చెప్పలే. నువ్వు దాస్తివి, నాకు మంచిగైంది." కాగితం నా ముందు పెట్టింది. "గిప్పుడు నన్ను సుత ఏ గడిల పెడ్తవో పెట్టు. గానీ అక్క దినమంతా ఏడ్చిందని రాసినవ్ సూడు, గది కొట్టెయ్. ఏడ్చింది నువ్వు."

ఆరు పేర్లూ మళ్లీ చదివాను. వాటిలో భయం లేదు. పెన్ను తీసి, రెండో వరుస చివర 'జయించాడు' కొట్టేశాను. మిగతా ఐదూ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.