అత్తమ్మ బొట్టు పెట్టిన జపాన్ కత్తి

నా మోకాళ్లు అరిగాయి, ఇక కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో కూరగాయలు కోసే పని అత్తమ్మ మీద పడింది. డెబ్బై దాటిన మనిషి కత్తిపీట ముందు కూర్చుని ఆరుగురికి సరిపడా బెండకాయలు కోస్తుంటే, నేను పొయ్యి దగ్గర నిలబడి ఆ ముక్కల గిన్నె కోసం చెయ్యి చాచేదాన్ని. హసన్‌పర్తి నుంచి ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మంలో ఆగి ఒకసారి తల్లిని, ఒకసారి నన్ను చూసేది. ఏమీ అనేది కాదు. అన్నా బాగుండు, పోట్లాడేదాన్ని.

నిలబడి కోసుకోవడానికి మంచి కత్తి ఒకటి దొరికితే ఆ పని మళ్లీ నా చేతికి వస్తుంది, నా పరువు దక్కుతుంది అనుకున్నాను. ఆ ఒక్క కత్తికి రెండు నెలలు పట్టింది.

మాది వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. కత్తి కావాలని నోరు తెరిచానో లేదో, మా ఆయన రోజుకొకటి తెచ్చి గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఎర్ర పిడిది, పచ్చ పిడిది, పళ్లున్నది. ఒక్కదానికీ టమాటా తోలు తెగేది కాదు. నొక్కితే టమాటా చితికి గింజలు నా చీర మీద పడేవి. అందరికీ అమ్ముతాం గానీ మాకు పనికొచ్చేది మా దుకాణంలోనే లేదు.

ఫోన్లో ఎవరో శాంటోకు అనే జపాన్ కత్తితో ఉల్లిగడ్డను చకచకా కోయడం చూశాను. వెడల్పుగా, పల్చగా ఉంది. కూరగాయలకు అంతకంటే మంచిది లేదట. అసలైన జపాన్‌ది చూస్తే ఆ ధరకు మా దుకాణంలో పెళ్లి సామాను వచ్చేలా ఉంది. సరే, అదే తరహాలో చవకది చూద్దామని దిగాను. దిగాక తెలిసింది అది ఎంత లోతో. ఒకటి కొన్నవాళ్లలో సగం మంది బంగారం అంటారు, సగం మంది బుట్టదాఖలు చేశామంటారు. ఒకదాని మీద జపాన్ అక్షరాలు, డబ్బా మీద వేరే దేశం పేరు. ఇంకోదాని మీద పొరలు పొరలుగా అందమైన గీతలు ఉంటే మురిసిపోయాను, అవి ఉత్త అచ్చు గీతలని కింద ఎవరో రాశారు. అంచు ఎన్ని డిగ్రీల కోణంలో ఉండాలో చదివాను. పదో తరగతి లెక్కల పరీక్షకు కూడా నేను అంత చదవలేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి తేలిందేమిటంటే, నా దగ్గరున్న డబ్బుకు తుప్పు పట్టనిది కావాలంటే పదును రాదు, పదునుది కావాలంటే కార్బన్ స్టీలుది, అది తుప్పు పడుతుంది. వాడగానే కడిగి తుడవాలి, పులుపు తగిలితే నిలవనివ్వకూడదు. పదునుదే తీసుకున్నాను.

"మన దుకాణంల లేని కత్తి జపాన్ల ఉన్నదా?" అన్నాడు మా ఆయన. అందుకే తుప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు. స్టీలు అమ్మే ఇంట్లోకి తుప్పు పట్టే కత్తి కొనితెచ్చానని తెలిస్తే చచ్చేదాకా దెప్పుతారు.

పదిరోజులు రాజ్యమేలాను. వంకాయ, దొండకాయ, కొత్తిమీర, అన్నీ నిలబడే కోశాను, కోసిన వెంటనే తుడిచాను. అత్తమ్మ వంటింట్లోకి వచ్చి కాసేపు చూసి ముందు గదిలోకి వెళ్లిపోయేది. విశ్రాంతి తీసుకుంటోందని సంబరపడ్డాను.

దసరా వచ్చింది. పొద్దున నేను దుకాణంలో పూజకు వెళ్లి వచ్చేసరికి అత్తమ్మ ఇంట్లో పనిముట్లన్నీ దేవుడి ముందు పేర్చింది. పాత తరాజు, కత్తెర, వాటి నడుమ నా కత్తి. దానికి తడి పసుపు దట్టంగా పూసి, బొట్లు పెట్టి, మీద కోసిన నిమ్మచెక్కలు పెట్టింది. తీయబోతే, పూజలో పెట్టిన వస్తువు, మూడొద్దులు ముట్టొద్దంది. ఇంటినిండా చుట్టాలు, గుమ్మంలో ఆడబిడ్డ. అందరి ముందు తుప్పు మాట ఎలా ఎత్తను? ఆ మూడు రోజులూ దేవుడికి దండం పెట్టలేదు, కత్తినే చూశాను.

నాలుగో రోజు పసుపు కడిగితే కత్తి నిండా నల్లటి మచ్చలు, ఎర్రటి తుప్పు, అంచు కొరికేసినట్టుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్తే అత్తమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు కోస్తోంది. అప్పుడు చూశాను. కత్తిపీటకూ బొట్టుంది. దసరా నాడు బొట్టు పెట్టిన గంటకే దాన్ని పనిలో పెట్టి, మూడు రోజులు చుట్టాలందరికీ ఆమే కోసింది.

"అత్తమ్మా, కత్తిపీటకు లేని మూడొద్దులు నా కత్తికే ఎందుకు?" అని అడిగాను. నా గొంతు గట్టిగానే వచ్చింది.

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది.

"వంట నీదాయె, దుకాణం వానిదాయె. కోసుడు గూడ నువ్వే జేస్తే, నాకీ ఇంట్ల ఇంకేం పనున్నది బిడ్డా?" అంది.

రెండు నెలలు ఆడబిడ్డ చూపు గురించే ఆలోచించాను. ఎదురుగా ఉన్న ఈ మనిషిని ఒక్కమాట అడగలేదు. సిగ్గేసింది. కత్తి పాడైన కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆ తుప్పు గీకుతూ, సాయంత్రానికి వంకాయలు ఎంతెంత ముక్కలుగా కోయాలో ఆమెనే అడిగాను.