వద్దనుకుంటే స్టాప్ అని పంపండి

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. పొద్దున క్లాసులో విన్నదాన్ని సాయంత్రానికల్లా ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే తోచేది కాదు. సిడ్నీలో కామర్స్ చదువుతూ, ద పాండ్స్ అనే పేటలో ఒక ఆంటీ నడిపే కర్రీ పాయింట్‌లో సాయంత్రాలు పనిచేసేదాన్ని. ఆంటీది భీమవరం వైపు. అంకుల్ పోయాక ఆ కొట్టు పెట్టుకున్నారు. ఒక శుక్రవారం ఆవిడ మా తెలుగు చర్చి ప్రార్థన గుంపులోని నంబర్లన్నిటికీ 'రేపు గోంగూర మటన్, త్వరపడండి' అని మెసేజ్ పంపేశారు. (ఎవరికైనా ఆపరేషన్ అయితే ప్రార్థన చేయడానికి పెట్టుకున్న గుంపు అది.) సరిగ్గా ఆ వారమే మాకు బిజినెస్ లాలో ఇలాంటి మెసేజ్‌ల మీద పాఠం అయింది. నేను గరిటె పక్కన పెట్టాను.

"అలా పంపకూడదు ఆంటీ. స్పామ్ యాక్ట్ ఉంది. ముందు వాళ్లు ఒప్పుకోవాలి. పంపిందెవరో అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆపించుకునే దారి కూడా ఉండాలి. లేకపోతే ఫైన్ వేస్తారు."

"మనవాళ్లేగా అమ్మాయ్! తినడానికి రమ్మంటే కూడా కేసేనా?"

"తినడానికి కాదు, కొనుక్కోడానికి రమ్మన్నారు."

ఆవిడ మూకుడు మీద మూత పెట్టి, "ఈ దేశానికి బొత్తిగా మొహమాటం లేదే" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీ దగ్గర ఒక్కొక్కరినీ అడిగి ఒప్పించుకున్నాం. ఒక్కరూ కాదనలేదు. చట్టం గెలిచిందని నేను పొంగిపోయాను. వండిన మనిషి ఎదురుగా నిలబడి 'మెసేజ్ పెట్టనా?' అంటే వద్దనగలిగే తెలుగువాళ్లు ఉండరన్న సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. ఆ తర్వాత ప్రతి మెసేజ్ చివరా కొట్టు పేరు, 'వద్దనుకుంటే స్టాప్ అని పంపండి' అన్న ముక్క చేర్చాను. మొహం చూపించే పని లేదు కాబట్టి జనం ధైర్యంగా స్టాప్ పంపడం మొదలుపెట్టారు. స్టాప్ వచ్చిన ప్రతి ఇంటికీ ఆంటీ ఫోన్ చేసేవారు. "ఏమ్మా, కూరలో ఉప్పెక్కువైందా? నావల్ల ఏదైనా తప్పు జరిగిందా?" అవతలివాళ్లు హడలిపోయి, వద్దన్న కూరే రెండు డబ్బాలు పట్టుకెళ్లేవారు.

"వద్దన్నవాళ్ల జోలికి వెళ్లకూడదు ఆంటీ" అన్నాను.

"మెసేజ్ వద్దన్నారు గానీ ఫోన్ వద్దన్నారా?"

"ఏదీ చెయ్యకూడదు. చట్టం." (చట్టం అంత మాట అనలేదు. అది నా సొంత చేర్పు.)

సరేనన్నారు. ఆ వారమే పాస్టరమ్మగారి నుంచి స్టాప్ వచ్చింది. అంకుల్ పోయినప్పుడు రోజూ వచ్చి ఆంటీ పక్కన కూర్చుని, ఇంత అన్నం తినిపించి వెళ్లిన మనిషి ఆవిడ. ఈ దేశంలో ఆంటీకి సొంత అక్కచెల్లెలంటూ ఉంటే ఆవిడే. ఆంటీ ఆ మెసేజ్ చూసి, ఫోన్ బోర్లా పెట్టి ఉల్లిపాయలు తరిగారు. ఆదివారం చర్చిలో చివరి వరసలో కూర్చుని, టీకి ఆగకుండా వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారమూ అంతే.

"ఒకసారి మాట్లాడొచ్చుగా ఆంటీ?"

"నువ్వేగా చెప్పావు, వద్దన్నవాళ్ల జోలికి వెళ్లకూడదని. చట్టం."

చివరికి పాస్టరమ్మగారే నన్ను టీ దగ్గర నిలబెట్టారు. "సిస్టర్‌కి నా మీద కోపమా? వందనాలు చెబితే తల తిప్పుకున్నారు." నేను విషయం చెప్పాను. ఆవిడ అటునుంచి అటే కొట్టుకు వచ్చారు. "అయ్యో సిస్టర్! మీ మెసేజ్ మోగితే చాలు, పాస్టరుగారు ప్రార్థన మధ్యలో కళ్లు తెరుస్తున్నారు. ఆయనకి బీపీ, డాక్టరు మటన్ మానమన్నారు. మీ మొహం చూస్తూ ఆ మాట ఎలా చెప్పను?"

"ఆ మాటే చెబితే సొరకాయ వండి పంపేదాన్ని కదా అమ్మగారూ!" అంటూ ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. వెంటనే నా వైపు తిరిగి, "సొరకాయ పంపొచ్చా, దానికీ చట్టముందా?" అని అడిగారు.

"డబ్బులు తీసుకోకపోతే లేదు" అన్నాను.

ఇప్పుడు కాన్‌బెర్రాలో గంగాలిన్ అనే పేటలో ఉంటూ కంపెనీలకు ఈ నియమాలే చెప్పి బతుకుతున్నాను. ఇక్కడికి వచ్చేశాక కూడా ప్రతి శుక్రవారం ఆంటీ మెసేజ్ వచ్చేది. నన్నెప్పుడూ ఒప్పుకుంటావా అని అడగలేదు. నేనెప్పుడూ స్టాప్ పంపలేదు. పోయిన చలికాలంలో ఆంటీ పోయారు.

మొన్న ఒక శిక్షణలో ఎవరో కుర్రవాడు అడిగాడు, ఒప్పుకోకపోయినా పంపేవాళ్లను ఏం చెయ్యాలని. ఫిర్యాదు చెయ్యాలని గట్టిగా చెప్పాను. ఆ రోజు శుక్రవారం. ఆ మాట అంటూనే నా ఫోన్ వంక చూసుకుని, నాలో నేనే నవ్వుకున్నాను.