చిన్నాయన పేరు మీది అప్పీలు

మొన్న మచ్చ బొల్లారంలోని మా ఇంట్లో, వకీలు చదువు చదువుతున్న మనవరాలు పాత కోర్టు కేసులు కూడా ఫోనులోనే కనబడతాయని గొప్పగా చెబుతుంటే, నేనూ ఊరుకోలేక, ఇన్నేళ్లయినా మరుపురాని అప్పీలు నంబరొకటి చెప్పాను. తెర మీద మా చిన్నాయన పేరు, దాని పక్కన కేసు ముగిసిందన్న ముక్క వచ్చాయి. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అప్పటికింకా రాష్ట్రం విడిపోలేదు. శ్రీకాకుళం రైతయినా, శామీర్‌పేట రైతయినా ఆఖరి న్యాయం కోసం మూసీ ఒడ్డున గుమ్మటాలున్న ఆ ఒక్క కోర్టుకే రావాలి. నేను మేడ్చల్‌లో పొద్దున్నే బస్సెక్కి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, వంతెన దాటి వెళ్లి ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. మొదట్లో ఆ గుమ్మటాలు కనబడగానే దండం పెట్టుకునేవాణ్ణి. నవ్వకండి, మీలోనూ పెట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తాతలనాటి ఉర్దూ కాగితాలు మూటగట్టుకొచ్చిన రైతులు పిలుపు కోసం చూసి చూసి, అక్కడే సద్దులు విప్పుకుని తినేవాళ్లు.

మా చిన్నమ్మ భర్త, చిన్నాయన, వాళ్లలో ఒకడు. శామీర్‌పేటలో నాలుగెకరాల పొలం విషయమై కింది కోర్టుల్లో ఓడి, హైకోర్టిచ్చిన స్టే అండతో దున్నుకుంటున్నాడు. పిల్లల్లేరు, చిన్నమ్మకు ఆ పొలమే దిక్కు. అప్పీలు తేలకుండానే ఒక ఎండాకాలం ఆయన పోయాడు. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

కక్షిదారు చనిపోతే తొంభై రోజుల్లోగా వారసుల పేరు ఎక్కించమని పిటిషన్ వెయ్యాలి, లేకపోతే కేసు కూడా మనిషితోపాటే పోతుంది. అలాంటివి ఎంతమందికి రాసిపెట్టానో లెక్కలేదు. దినాలయ్యాక చిన్నమ్మ వేలిముద్ర కోసం కాగితాలు తీసుకెళ్తే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“యాడాది మాసికమన్న కాలే బిడ్డా, అప్పుడే ఆయన పేరు కొట్టేస్తవా? గా కాయిదంలనన్న ఉండనియ్యి.”

పేరు కొట్టెయ్యడం కాదు, పక్కన నీ పేరు చేర్చడం అని కూర్చోబెట్టి చెప్పాల్సింది. నేనూ ఆమెతోపాటు ఏడ్చి, కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. వకీలుగారికి చావు సంగతే చెప్పలేదు. ఏళ్లుగా పిలవని కేసు ఈ ఏడాదే పిలుస్తారా, సంవత్సరీకం కాగానే వేద్దాంలే అనుకున్నాను. దీపం కిందే చీకటంటే అదే.

సంవత్సరీకం ఇంకా నెలుందనగా పిలిచారు. అవతలి వకీలు చిన్నాయన మరణపత్రం తీసి చూపించాడు. ఆలస్యాన్ని మన్నించమని అప్పుడు పరుగెత్తాం. చదువురాని ఆడమనిషికి చట్టం తెలియదని రాశాం. ఆమె సొంత అక్క కొడుకే ఈ వకీలుగారి గుమాస్తా అని అవతలాయన లేచి చెప్పాడు. అది అబద్ధం కాదు. పిటిషన్ కొట్టేశారు, స్టే పోయింది, మరుసటి కోతకు ముందే చిన్నమ్మను పొలంలోంచి వెళ్లగొట్టారు. తన గట్టు మీద నిలబడి కూలోళ్లకు సద్దులందించిన మనిషి, పరాయి ద్రాక్షతోటల్లోకి కూలికి పోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఇన్నేళ్లు ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు రాష్ట్రం వేరు, హైకోర్టు పేరు వేరు, ఫైళ్లు కూడా అటూ ఇటూ పంచుకున్నారు. ద్రాక్షతోటలు పోయాయి. ఆ నాలుగెకరాల చుట్టూ ఎవరిదో ప్రహరీ, బస్సులోంచి చూస్తే లోపల ఏముందో కూడా కనబడదు. అంత పెద్ద కోర్టును పిల్లలు అరచేతిలో పట్టుకు తిరుగుతున్నారు; మెట్ల మీద పడిగాపులు పడకుండా ఇంట్లో కూర్చునే వాయిదా తెలుసుకుంటున్నారు, సంతోషమే. ఈయనెవరు తాతా అని మనవరాలు అడిగితే, ఒక కక్షిదారు అని మాత్రం అన్నాను. చిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది, ఆమె పేరు మీద గజం జాగా లేదు. చిన్నాయన పేరు మాత్రం ఆమె అడిగినట్టే ఎవరూ కొట్టెయ్యకుండా అక్కడే ఉంది.