తమ్ముణ్ణి అప్పజెప్పిన తల్లి

అరవైల చివర్లో పనిమీద గుంటూరు నుంచి నెల్లిమర్ల వెళ్లాను. సాయంత్రం మైదానంలో ఒకప్పటి గోల్‌కీపర్ ఒకాయన, ఓ యువకుడికి బంతి పట్టడం నేర్పుతున్నాడు.

"మీరు ఆట ఎందుకు మానేశారు మాస్టారూ?" అని అడిగాను.

"బంతికోసం దూకితే నా మోకాలు ఎదుటి జట్టోడి తలకి తగిలీసింది బాబూ. మూడోరోజున పోనాడు. ఈడు ఆడి తమ్ముడే. ఆలమ్మే తీసుకొచ్చి నాకు అప్పజెప్పింది."

నేను నిర్ఘాంతపోయాను. మా వైపైతే ఆయన్ని గడప తొక్కనివ్వరు.

"ఆవిడ ఏమన్నారు?"

"‘నా పెద్దోడు నీ మోకాలికి పోనాడు. ఈడి మోకాలికి ఇంకో తల్లి కొడుకు పోకూడదు. దూకడం సరిగ్గా నేర్పు’ అంది."

అంతలో ఆ యువకుడు, "మావా, ఇంకోటి కొట్టు" అని నవ్వుతూ పిలిచాడు.