ఘాట్ రోడ్డు మీద ఎడమవైపు

పోయిన నెలలో మా పక్కింటి టీచరుగారు పోయారు. ఏలూరు ఆసుపత్రిలో పొద్దున్నే కాఫీ అడిగారట. అది తెచ్చేలోగా అయిపోయింది. కబురు చెప్పింది ఆవిడ భర్త, ట్రాక్టర్ మెకానిక్‌గా పనిచేసిన బాబాయిగారు. చుట్టరికం ఏమీ లేదు. తాడేపల్లిగూడెంలో పదేళ్లకు పైగా ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం, అందుకని ఆ పిలుపు. "మీ టీచరుగారు వెళ్లిపోయిందమ్మా," అన్నారు ఫోన్లో. తర్వాత ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయారు.

ఆవిడ మిషన్ స్కూల్లో మూడో తరగతికి చెప్పేవారు. చాక్‌పీసు పొడి చీరకి అంటకుండా కొంగు నడుముకి బిగించి దోపేవారు. పిల్లల్ని కొట్టగా నేను చూడలేదు. ఒక్క మాట మాత్రం రోజూ అనేవారు: "చూసినప్పుడే చెప్పాలి." పక్కవాడి పెన్సిలు కింద పడినా, బెంచీకి మేకు పైకి లేచినా, చూసినవాళ్లు అప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే ఆవిడ ముఖం వాడిపోయేది.

ఆ మాట వల్లే మా అమ్మాయి నాకు దక్కింది. ఒక మధ్యాహ్నం గోడ మీంచి చూసి, "అమ్మాయి కళ్లు పచ్చగా ఉన్నాయే," అన్నారు. ఎండలో ఆడిందండీ, సాయంత్రం చూద్దాంలెండి అన్నాను. ఆవిడ వినలేదు. చెప్పులైనా వేసుకోకుండా మా గుమ్మంలోకి వచ్చి, పిల్లని ఎత్తుకుని రిక్షా ఎక్కేశారు. కామెర్లు ముదిరాయని, ఇంకో రెండు రోజులు ఆగితే కష్టమయ్యేదని డాక్టరుగారు అన్నారు. నేను దణ్ణం పెట్టబోతే ఆవిడ నా చేతులు పట్టుకుని ఆపేశారు. "నాకు పెట్టకమ్మా," అన్నారు. ఎందుకో అప్పట్లో నాకు తెలియలేదు.

ఏటా వానలు తగ్గాక భార్యాభర్తలిద్దరూ మోటారుసైకిల్ మీద మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకి వెళ్లేవారు. పిల్లలు లేరు, వయసు యాభై దాటింది. వీధిలో మేమంతా నవ్వుకునేవాళ్లం. "ఈ ఏడూ హనీమూనేనాండీ?" అని నేనే ఎన్నిసార్లు అడిగానో! ఆవిడ చిన్నగా నవ్వి, స్వెట్టరు గుండీలు పెట్టుకునేవారు. వాళ్ల బండి వీధి మలుపు తిరిగాక నేను ఇంట్లోకొచ్చి, "చూసి నేర్చుకోండి," అని మా ఆయన్ని సాధించేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, వాళ్ల పెరట్లో చింతపండు గింజలు తీస్తూ, "ఈసారి మేమూ వస్తామండీ," అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"మేము షికారుకి వెళ్లట్లేదమ్మా," అన్నారు.

అప్పుడు చెప్పారు. మొదటిసారి వెళ్లింది మాత్రం షికారుకే. రాజమండ్రి దాటి, రంపచోడవరం దాటి, మారేడుమిల్లి పైన ఘాట్ ఎక్కేసరికి మంచు కమ్మింది. బాబాయిగారు ఈల వేస్తున్నారట. పెళ్లయిన కొత్తలో విన్న ఈల, మళ్లీ అప్పుడే. ఆవిడ వెనకాల ఒకవైపుకి కూర్చున్నారు, అందరు ఆడవాళ్లలాగే ఎడమవైపుకి తిరిగి. ఒక మలుపులో, రోడ్డు అంచున, ఒక కొండ ఊరి ఆడమనిషి నిలబడి ఉంది. భుజాన గుడ్డలో చుట్టిన పిల్ల. పిల్ల తల వెనక్కి వాలిపోయి ఉంది. ఆ మనిషి అరవలేదు, పిలవలేదు. చెయ్యెత్తింది, అంతే.

"ఆయన రోడ్డు చూస్తున్నారు. చూసింది నేనొక్కదాన్నే. చెబితే ఆ ఈల ఆగిపోతుందనిపించిందమ్మా. ఇంకో బండేదో వస్తుందిలే అనుకున్నాను."

నాలుగు మలుపులు దాటాక ఉండలేక, "ఏవండీ, వెనక్కి తిప్పండి," అన్నారట. ఎందుకని కూడా అడగకుండా ఆయన తిప్పారు. వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ మనిషి నిలబడ్డచోట తడిసిన గడ్డి అణిగి ఉంది. లోయవైపు వంగి పిలిచారు. పైనా కిందా రెండు ఊళ్లలో అడిగారు. ఆసుపత్రిలో అడిగారు. అలాంటి మనిషిని చూశామని ఎవరూ అనలేదు.

మర్నాటికి తిరిగొచ్చారు. నెల తిరక్కుండా మళ్లీ వెళ్లారు. ఆ తర్వాత ఏటా.

"కనిపిస్తే ఏం చేస్తారండీ?" అన్నాను.

"పిల్ల ఎలా ఉందని అడుగుతాను," అన్నారు. "ఆ ఒక్క మాటే అడుగుతాను."

బాబాయిగారు ఆవిణ్ణి ఒక్కసారీ తప్పుపట్టలేదట. ఈల మాత్రం మానేశారు. బస్సెక్కినా, రైలెక్కినా ఆవిడ ఎడమవైపు కిటికీ దగ్గరే ఎందుకు కూర్చుంటారో, దాటిపోయిన ఊరిని మెడ తిప్పి ఎందుకు చూస్తూ ఉంటారో ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి నాకూ నిద్రపట్టలేదు. ఇప్పటికీ రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తితే నా మెడ అటే తిరుగుతుంది.

కొల్లేరు లంకల్లో ఆవిడ పుట్టిన ఊరి సమాధుల దొడ్లో, వాళ్ల అమ్మ పక్కనే ఆవిణ్ణి పెట్టాం. ఫాదరుగారి ప్రార్థన నడుస్తుండగా నీటి మీంచి కొంగల గుంపు లేచింది. బాబాయిగారు తలెత్తి చూడలేదు.

రెండు వారాలకి ఆయన ఒక్కరే బండి తీశారు. వద్దండీ, వయసు కాదు అని మా ఆయన అడ్డం పడ్డారు. వినలేదు. మూడో రోజు సాయంత్రం ఎర్రమట్టి కాళ్లతో తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్లిచ్చి, "ఎవరైనా కనిపించారాండీ?" అన్నాను.

తల అడ్డంగా ఊపారు.

"బండి నడిపేవాడు రోడ్డు వైపే చూడాలి కదమ్మా. అంచు చూసేది మీ టీచరుగారే. నాకెలా కుదురుతుంది? అందుకని ఘాట్ మొదట్లోనే ఇంజను ఆపేశాను."

మంచులో, హ్యాండిలు పట్టుకుని బండిని తోసుకుంటూ, ఒక్కొక్క మలుపూ ఎడమవైపు చూసుకుంటూ, ఆ ఘాట్ అంతా ఆయన నడిచి ఎక్కారు.